రియాద్ నాటకశాలల్లో నాలుగు సాయంత్రాలు, ఒక కోపం

సౌదీ వెళ్ళొచ్చానని తెలియగానే మా ప్రొద్దుటూరులో అందరూ ఖర్జూరం ఎంత తెచ్చావని అడిగారు. బంగారం ధర అడిగారు. ఎండ గురించి అడిగారు. నాటకాలు చూశావా అని ఒక్కరూ అడగలేదు. నలభై ఏళ్ళు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించి బతికినవాణ్ణి కదా, నన్నైనా అడగాలా వద్దా? అడగనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. రియాద్‌లో ఇప్పుడు నాటకశాలలన్నీ ఒకే వీధిలో బారులు తీరి ఉన్నాయి. సంగీత నాటకాలు ఆడుతున్నారు, జనం కుటుంబాలతో వచ్చి చూస్తున్నారు. వాటిలో చూడదగ్గవీ ఉన్నాయి, డబ్బు దండగవీ ఉన్నాయి. ఏది ఏదో చెబుతాను. కానీ అన్నిటికన్నా మంచి నాటకం ఆడుతున్న హాలు బయట నేను చూసింది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అది కూడా చెబుతాను.

యాన్బు

మా అల్లుడు జిలానీ యాన్బులో ఒక ప్లాంటులో టెక్నీషియన్. విజిట్ వీసా మీద నన్ను పిలిపించుకున్నాడు. యాన్బులో సముద్రం ఉంది, గొట్టాలున్నాయి, గొట్టాల మీద మంటలున్నాయి. సాయంత్రమైతే మా అమ్మాయి షమీమ్ నన్ను సముద్రం ఒడ్డున కూర్చోబెట్టి, ఏలకులు వేసిన పాలటీ చేతికిచ్చేది. అంత శుభ్రంగా, అంత నిశ్శబ్దంగా ఉన్న ఊరిలో నాకు నాలుగో రోజుకే ఊపిరాడలేదు. అక్కడ ఎవరూ గొంతెత్తి పాడరు. అంగడివాడు కూడా అరవడు.

నా అవస్థ చూసి అల్లుడే అన్నాడు. "మామా, రియాద్‌లో మ్యూజికల్స్ జరుగుతుండాయి. పాటల నాటకాలే. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తా, చూసి రా. రఫీ ఉండాడు కదా ఆడ."

రఫీ మా చెల్లెలి కొడుకు, రియాద్‌లో టాక్సీ నడుపుతాడు. బయలుదేరేటప్పుడు షమీమ్ నా సంచిలో పచ్చడి డబ్బా పెడుతూ, "అబ్బా, ఆడ ఎవురి మీదా అరవొద్దు. నీకు కోపమొస్తే యాడుండామో కూడా చూసుకోవు" అంది. నేను ఎప్పుడు అరిచానని అడిగాను. అల్లుడు ముఖం అటు తిప్పుకున్నాడు.

మదీనాలో ఒక రోజు ఆగాను. అది నాకూ పైవాడికీ మధ్య విషయం, ఇక్కడ రాయను.

బురైదా

రాయచోటి వైపు మనిషి ఓబులేసు బురైదాలో ఖర్జూరం తోటలో పని చేస్తాడు. చిన్నప్పుడు మా నాటకాలకు ముందు వరసలో చాప పరుచుకుని కూర్చునేవాడు. తోట దాటి వెళుతూ నన్ను చూడకుండా ఎలా పోతావని ఫోనులో ఒకటే పోరు. శుక్రవారం మధ్యాహ్నం అక్కడ దిగాను. అయిదుగురు ఉండే గది. కోడికూర, అన్నం, తర్వాత సుక్కరి ఖర్జూరాలు. అవి నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాయి. మన ఊళ్ళో రంజాన్‌కు పొట్లాల్లో అమ్మేవి ఖర్జూరాలని ఇన్నాళ్ళూ అనుకున్నందుకు సిగ్గేసింది. కూరలో కారం మాత్రం ఇంటి నుంచి తెప్పించుకున్నదే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

భోజనం కాగానే పద్యం పాడమన్నారు. నాది వాయించే చెయ్యి గాని పాడే గొంతు కాదు. అయినా మొదలుపెట్టాను. పద్యం చివర రాగం తీస్తుంటే ఓబులేసు మోకాలి మీద చరిచి "వన్స్ మోర్" అన్నాడు. మనవాడు ఆ మాట అన్నాక మళ్ళీ పాడకపోతే అది అవమానం కదా. పాడాను. ఇంకొకడు అన్నాడు. మళ్ళీ పాడాను. నా గొంతుకు ఎన్నడూ దక్కని గౌరవం అది.

"ఆరేండ్లయింది సాబూ ఇట్ల పద్యం ఇని" అన్నాడు ఓబులేసు. పళ్ళెం నా వైపు జరుపుతూ, "నువ్వు పోయే ఆ నాటకాలకి మాయట్లోళ్ళం పోతే లోపలికి ఇడుస్తారా?" అని అడిగాడు.

"టిక్కెట్టు కొంటే ఎందుకు విడవరు? నాటకం ముందు అందరూ ఒకటే" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చిరాకు వేస్తుంది.

రియాద్, మొదటి సాయంత్రం

నాటకశాలల వీధి ఊరికి ఉత్తరాన ఉంది. వీధి అంటే మన గాంధీ రోడ్డు లాంటిది అనుకోకండి. ఎటు చూసినా నిలువెత్తు తెరలు, వాటి మీద నటీనటుల ముఖాలు, రంగుల ఫౌంటెన్లు, అగరు పొగ. చలికాలం కావడంతో పిల్లాజెల్లా అందరూ అక్కడే ఉన్నారు. కొన్నేళ్ళ కిందట ఇలాంటివేవీ లేవని రఫీ చెప్పాడు. అక్కడ ఒక కప్పు కాఫీ ముప్పై రియాళ్ళు. నేను తాగలేదు, రఫీ కారులో ఫ్లాస్కు ఉంది.

మొదట చూసింది విదేశాల నుంచి వచ్చిన పెద్ద కంపెనీ నాటకం, ఇంగ్లీషు. సర్కస్ నడిపే కుటుంబం, అన్నదమ్ముల పంపకాలు, చివర్లో డేరాకు నిప్పు. కథ మనకు తెలిసిందే. నిప్పు మాత్రం నిజంగా కాలిపోతోందేమో అనిపించేలా చేశారు. గొంతులూ బాగున్నాయి. నాకున్న పాడు అలవాటు ఒకటి, ఏ నాటకానికి పోయినా విరామంలో వాద్యగాళ్ళను పలకరిస్తాను. వేదిక ముందు పల్లంగా చోటు ఉంటే, అందులో కూర్చుని వాయిస్తున్నారనుకుని వంగి చూశాను. ఒక్కడు లేడు. రెండు నల్ల పెట్టెలు, ఒక కంప్యూటరు, దాని ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చిప్స్ తింటున్న ఒక కుర్రాడు. అంతసేపూ నేను తల ఊపింది ఆ పెట్టెలకా! ఆ టిక్కెట్టు డబ్బుతో మా వైపు మేళం మొత్తానికి మూడు రోజుల భోజనాలు పెట్టొచ్చు. నటుడు ఒక క్షణం ఆగితే ఆగే మనిషి, వాడు జారితే పట్టుకునే మనిషి ఎదురుగా ఉండాలి. లేకపోతే అది నాటకం ఎలా అవుతుంది? సినిమాకే పోవచ్చు. ఇది చూడకపోయినా మీకేం నష్టం లేదు.

రెండో సాయంత్రం

ఈజిప్టు వాళ్ళ హాస్య నాటకం. పెళ్ళికొడుకు పెళ్ళి రోజునే కనబడకుండా పోతాడు, వాడి బదులు మంగలిని కూర్చోబెడతారు. ఒక్క ముక్క అరబ్బీ రాకపోయినా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. నా పక్కన కూర్చున్న సౌదీ పెద్దాయన ప్రతి జోకుకూ నా భుజం మీద కొట్టి, నాకు అర్థమైందో లేదో చూసేవాడు. పదిమంది వాద్యగాళ్ళు వేదిక మీదే కూర్చుని వాయించారు. మంగలి పాట మధ్యలో ఒక మాట మరిచిపోతే, వయొలిన్ ఆయన అదే వరసను ఇంకో రెండుసార్లు తిప్పి వాణ్ణి ఒడ్డున పడేశాడు. హాల్లో అది కనిపెట్టింది నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ పని నేను ఎన్ని వందలసార్లు చేశానో. ఈ నాటకం తప్పకుండా చూడండి.

మూడో సాయంత్రం

మూడోది స్థానికులు తయారు చేసుకున్న అరబ్బీ నాటకం. పిల్లలు ఎక్కువమంది నటించారు. ఎడారిలో తప్పిపోయిన ఒంటెపిల్లను వెతుక్కుంటూ ఒక పిల్ల బయలుదేరుతుంది. అంతే కథ. ఒంటెపిల్ల లోపల ఇద్దరు మనుషులు ఉంటారు గాని, అది మెడ తిప్పి చూసినప్పుడు ఆ సంగతి నేను మరిచిపోయాను. వేదిక పక్కన ఊద్, కానూన్ అనే అరబ్బు తీగ వాద్యాలు, వయొలిన్లు, డప్పు. ఆ పిల్లకు పన్నెండేళ్ళు ఉంటాయేమో. ఒంటెపిల్లను దూరం నుంచి పిలుస్తూ పాట ఎత్తుకుంది. ఆ రాగం మన వకుళాభరణానికి మేనత్త కూతురు. చివరి చరణంలో ఊపిరి తీసుకోకుండా స్వరాన్ని పైకి తీసుకెళ్ళి, అక్కడ నిలబెట్టి, మెల్లగా దించింది. నా రోమాలు లేచి నిలుచున్నాయి. నాకు తెలియకుండానే నేనూ లేచాను.

"వన్స్ మోర్!"

హాలంతా నా వైపు తిరిగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మా వైపు ఆ మాట అంటే ఒకడి వెనక వందమంది అంటారు, నటుడు చెయ్యి జోడించి మళ్ళీ ఎత్తుకుంటాడు. ఇక్కడ ఆ పిల్ల బిత్తరపోయి నన్నే చూసింది. నల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి, ఆమె వెనక బంగ్లాదేశీ గార్డు, ఇద్దరూ టార్చి వేసుకుంటూ నా వరసకు వచ్చారు.

"చాచా, బాహర్ ఆయియే" అన్నాడు గార్డు.

"ఎందుకు? నేను తిట్టానా? మెచ్చుకున్నాను" అని ఉర్దూలో అన్నాను. ఇక్కడ పాట మధ్యలో లేచి అరిస్తే బయటికి పంపడం నియమమట, విరామం దాకా లోపలికి రానివ్వరట. మెచ్చుకోవడానికి కూడా గంట కొట్టేదాకా ఆగాలా? చేతులు ఒళ్ళో పెట్టుకుని పరీక్ష రాస్తున్నట్టు కూర్చోవాలా? ఇవన్నీ తలుపు దాకా అడుగుతూనే వెళ్ళాను. షమీమ్ చెప్పిన మాట గుర్తుకొచ్చేసరికి తలుపు నా వెనక మూసుకుంది.

తలుపు బయట

బయట నడవాలో ఒక మూల తివాచీ పరిచి, చుట్టూ తాడు కట్టారు. అక్కడ ఏడెనిమిది పిల్లల బళ్ళు. పక్కన ఆడవాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇథియోపియా వాళ్ళు, సంచులూ పాలసీసాలూ పట్టుకుని కూర్చున్నారు. ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు. పసిపిల్లల్ని హాల్లోకి రానివ్వరు కాబట్టి, తల్లులు లోపలా, వీళ్ళు బయటా. అందులోంచి నల్లటి అబాయా వేసుకున్న ఒకావిడ, నడివయసు మనిషి, ఒళ్ళో బాబుతో నన్ను చూసి నవ్వుతోంది.

"వన్స్ మోర్ అన్నది మీరేనా అండి?" అంది తెలుగులో.

తల ఊపి తాడు దగ్గరికి నడిచాను.

"మాది రాజోలు దగ్గరండి. సత్యవతంటారు. లోపల్నుంచి ఆ కేక ఇనబడగానే మనోళ్ళెవరో ఒచ్చేరనుకున్నానండి. ఎవరికండి అన్నారు?"

"ఒంటెపిల్లను పిలుస్తూ పాడిందే, ఆ పాపకు."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆయ్, మా పాపేనండి. హనీను. నాలుగేళ్ళ నుంచి నేనే చూస్తన్నానండి. చివర్లో నిలబెట్టిందా అండి? ఊపిరి తెగలేదు కదండి?"

నాటకం చూసినవాళ్ళు పాట బాగుందా అని అడుగుతారు. ఊపిరి తెగిందా అని అడిగేది పాడించినవాళ్ళు మాత్రమే. ఎవరమ్మా నువ్వు అని అడిగాను. వాళ్ళ నాన్న బుర్రకథ చెప్పేవాడట. ఈవిడ పదేళ్ళప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా పక్కన వంత పాడిందట. హనీన్‌కు నాటకంలో వేషం వచ్చాక రెండు నెలలు రోజూ ఈవిడే రిహార్సలుకు తీసుకెళ్ళింది. ఇంటికొచ్చాక వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పాట అప్పజెప్పించుకునేది. అరబ్బీ చదవడం రాదు గాని నాటకం మొత్తం నోటికొచ్చు. పిల్ల మరిచిపోతే పక్కన నిలబడి పెదాలతో అందించేది. అదే పని చేసినవాళ్ళను మా మేళంలో మేము వేదిక మీదే కూర్చోబెట్టుకుంటాం.

"మరి చూశావా, నాటకం?"

"లేదండి. రిహార్సలు స్కూలు హాల్లో అయ్యేదండి. ఇక్కడ నాలుగు రోజుల్నుంచి ఆడతన్నారు, బాబుతో బయటే ఉంటన్నాను." కాస్త ముందుకు వంగింది. "ఒంటె ఎలాగుంటదండి? రిహార్సల్లో ఒంటె ఉండేది కాదండి. కుర్చీ ఏసేవోరు, దాన్నే ఒంటె అనుకోమనేవోరు."

ఇంక నా వల్ల కాలేదు. నాటకం నేర్పిన మనిషి నాటకానికి పదిహేను గజాల దూరంలో తాడు అవతల కూర్చుని, ఒంటె ఎలా ఉంటుందో దారిన పోయే నన్ను అడగాలా! మీ మేడమ్ ఎక్కడ, నేను మాట్లాడతానని లేచాను. గొంతు పెద్దదే అయి ఉంటుంది, పక్కనున్న ఫిలిప్పీన్స్ ఆవిడ తన బండిని వెనక్కి లాక్కుంది.

సత్యవతి ముఖంలో నవ్వు పోయింది. "కూకోండి. మేడమ్ చెడ్డ మనిషి కాదండి, తిట్టదు, కొట్టదు. శుక్రవారం నా ఫ్లైటండి. కాంట్రాక్టయిపోయింది. ఇంకా ఖురూజ్ రాలేదండి. మేడమ్ ఫోన్లో నొక్కితేనే ఒస్తది. మీరు కోపం చూపించేసి ఎల్లిపోతారు. ఇంటికెల్లాల్సింది నేనండి."

ఖురూజ్ అంటే దేశం వదిలి వెళ్ళే అనుమతి. అది యజమాని ఫోనులో ఉంటుంది. నలభై ఏళ్ళలో నా కోపానికి ఇంత సూటిగా ఎవరూ సమాధానం చెప్పలేదు. కూర్చున్నాను. ఆ రోజు మంగళవారం. ఆవిడకు మిగిలింది రెండే ఆటలు.

విరామంలో ఒక పొడవాటి ఆవిడ బయటికి వచ్చి, వంగి బాబు బుగ్గ ముట్టుకుని, సత్యవతికి ఏదో చెప్పి, ఫోను చూసుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడే మేడమ్. నేను లోపలికి పోలేదు.

నాలుగో సాయంత్రం

పొద్దున్నే రఫీ చేత అదే నాటకానికి ఇంకొక టిక్కెట్టు తీయించాను. అది నా కోసం కాదని చెప్పగానే వాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మామా, కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, వాళ్ళింటి సంగతుల్లో మనం దూరగూడదు. ఆయమ్మకే కష్టమవుతాది. నీకేం, నువ్వు పోతావు."

"అరవను. నువ్వు అరబ్బీలో అడుగు, నేను పక్కన నిలబడతాను. అంతే."

"నువ్వు నిలబడితేనే భయం మామా" అన్నాడు. అయినా వచ్చాడు.

ఆరు గంటల ఆటకు అరగంట ముందే వెళ్ళాం. సత్యవతిని ముందు అడిగాను. తాడు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించింది. "అడగండి. కానీ నేను అడగమన్నానని చెప్పకండి. నా పాపకి వన్స్ మోర్ అన్నారు కాబట్టి మీరే అడుగుతన్నారని చెప్పండి" అంది.

మేడమ్ వచ్చింది. రఫీ చేతులు కట్టుకుని, నిన్న మీ అమ్మాయి పాట విని ఈ పెద్దాయన ముగ్ధుడయ్యాడని, ఈయన కూడా సంగీతం మనిషేనని, తన టిక్కెట్టు మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇవ్వాలనుకుంటున్నాడని చెప్పాడు. మేడమ్ ఆశ్చర్యంగా సత్యవతిని చూసింది. ఆవిడ అన్నది రఫీ నాకు తెలుగులో చెప్పాడు. "ఎప్పుడూ అడగలేదే ఈమె?"

అడగాలా? రెండు నెలలు నీ కూతురికి పాట నేర్పిన మనిషికి ఒక కుర్చీ వేయాలంటే అర్జీ పెట్టుకోవాలా? ఇదంతా నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను. నా జన్మలో అంత పెద్ద ముద్ద ఎప్పుడూ మింగలేదు. షమీమ్ చూసి ఉంటే నమ్మేది కాదు.

"మరి బాబు?" అంది మేడమ్.

పక్కనున్న ఫిలిప్పీన్స్ ఆవిడ, పేరు మేరీ, "ఐ టేక్, మేడమ్" అంది. నేనూ ఇక్కడే కూర్చుని చూస్తానన్నాను. మేడమ్ నన్ను పై నుంచి కింద దాకా చూసి, నా పాస్‌పోర్టు అడిగి ఫోనులో ఫొటో తీసుకుంది. పసివాడిని ఎత్తుకుని యాన్బు పారిపోతానని కాబోలు. తల్లి కదా, తప్పు పట్టలేను. పట్టాను గాని పైకి అనలేదు.

తలుపు దగ్గర నిన్నటి గార్డే ఉన్నాడు. నన్ను గుర్తు పట్టాడు. సత్యవతిని చూసి, మీ వాళ్ళు కూర్చునే చోటు అటు అని తాడు వైపు చూపించాడు. "భాయ్, టిక్కెట్టు చూడు, మనిషిని కాదు" అన్నాను ఉర్దూలో, మెల్లగానే. రఫీ ఫోను మిషన్ ముందు పెడితే కూత పెట్టింది. సత్యవతి లోపలికి అడుగు పెట్టబోయి, చెప్పులు విడిచి, వంగి గడప తాకి కళ్ళకద్దుకుంది. మేళం వాళ్ళం ఎవరమైనా అంతే చేస్తాం. గార్డు ఆవిడ చెప్పులు చేతికందించి వేసుకోమన్నాడు.

రఫీ, నేను, మేరీ, రెండు బళ్ళు, బయట. మేడమ్ వదిలేసి వెళ్ళిన నాటకం పుస్తకం ఒకటి బండిలో ఉంది, నున్నటి కాగితం. రఫీ చేత చదివించుకున్నాను. విగ్గులు పెట్టినవాళ్ళ పేర్లున్నాయి. ఒంటె లోపలి ఇద్దరికీ నడక నేర్పిన మనిషి పేరుంది. కాఫీ ఇచ్చిన అంగడి పేరుంది. నటించిన ప్రతి పిల్ల ఫొటో కింద ఆ పిల్ల తన తల్లిదండ్రులకు చెప్పుకున్న కృతజ్ఞతలున్నాయి. సత్యవతి పేరు ఉందా చూడమన్నాను. "ఎట్లుంటాది మామా" అన్నాడు రఫీ. రెండోసారి చూడమన్నాను. చూశాడు. లేదు. మా వైపు చిన్న కరపత్రంలో కూడా హార్మోనియం ఎవరో వేస్తారు, అక్షరం ఎంత చిన్నదైనా సరే. ఆ పుస్తకాన్ని బండిలో పడేసి, బాబు ఏడుస్తుంటే మేరీ ఎత్తుకునేదాకా లాలిపాట పాడాను. నా గొంతుకు వాడింకా ఏడ్చాడు.

అందువల్ల ఒంటెపిల్ల నాటకం నేను సగం కూడా చూడలేదు. అయినా చెబుతున్నాను, రియాద్ వెళితే అన్నిటికన్నా ముందు అదే చూడండి.

నడవాలో

తలుపులు తెరుచుకున్నాయి. జనం వచ్చేస్తున్నారు. సత్యవతి వచ్చి, నన్ను పలకరించకముందే అలవాటుగా మేరీ చేతుల్లోంచి బాబును చంకనేసుకుంది.

"ఒంటె బాగుందండి" అంది. "నా వైపు ఒక్కసారైనా చూడలేదండి. మూడో వరసలోనే ఉన్నాను. అందించాల్సి ఒస్తదేమోనని పెదాలాడిస్తానే ఉన్నాను. దానికి అక్కర్లేకపోయిందండి."

అందులో గర్వం ఉంది, దిగులూ ఉంది. ఆ రెండూ కలిపి నాకు బాగా తెలుసు. నటుడు మన వైపు చూడని రోజే మన పని పూర్తయినట్టు.

మేడమ్ పూలగుత్తి పట్టుకుని వచ్చింది. పక్క తలుపులోంచి హనీన్ ఆ వేషంలోనే, ముఖాన రంగుతో, పరుగెత్తుకుంటూ వచ్చింది. తల్లి చాచిన పూలగుత్తిని దాటి వచ్చి సత్యవతి ముందు ఆగింది. రొప్పుతూ అడిగింది.

"ఎక్కడన్నా తప్పు పోయిందా అండి?"

తెలుగులో. అదీ గోదావరి తెలుగులో. రఫీ, నేను ఒకరినొకరం చూసుకున్నాం.

సత్యవతి పొగడలేదు. "రెండో పాటలో ఊపిరి ముందే తీసేసుకున్నావు తల్లీ. పిలుపయ్యేక తీసుకోవాలి. రేపు సరిచేసుకో."

హనీన్ తల ఊపింది. తర్వాత ఏదో లెక్క వేసుకున్నట్టు ఆగింది. "శుక్రవారం ఎవరు చెప్తారండి?"

సత్యవతి బాబును ఇంకో చంకకు మార్చుకుంది. మేడమ్ మా అందరి ముఖాలూ చూసి, తన కూతురు ఏమంటోందని రఫీని అడిగింది. కన్నతల్లి తన బిడ్డ మాట ఒక టాక్సీ డ్రైవరును అడగాల్సి వచ్చింది. రఫీ భయంగా నా వైపు చూశాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను.

చెప్పాడు. జనం మమ్మల్ని తప్పించుకుని వెళుతున్నారు. అప్పుడు మేడమ్ పూలగుత్తిని బండిలో పెట్టి, రెండు చేతులూ చాపి, సత్యవతి చంకలోంచి బాబును తీసుకుంది. నేను చూసిన రెండు సాయంత్రాల్లో ఆవిడ బిడ్డను ఎత్తుకోవడం అదే మొదలు.

చేతులు ఖాళీ కాగానే సత్యవతి ఒక చెయ్యి పిల్ల పొట్ట మీద, ఒక చెయ్యి వీపు మీద వేసి, "ఇప్పుడను" అంది. హనీన్ ఆ చరణం ఎత్తుకుంది. పిలుపు దాకా వచ్చింది, ఆగింది, అప్పుడు ఊపిరి తీసుకుంది. "అదీ" అంది సత్యవతి. మళ్ళీ అనిపించింది. మేడమ్ బాబును భుజాన వేసుకుని నిలబడే ఉంది, తొందర పెట్టలేదు. వెళ్ళేటప్పుడు, రేపు నువ్వు నా పక్కన కూర్చో అని సత్యవతితో అందట. ఖురూజ్ కూడా ఆ వారమే వచ్చింది, శుక్రవారం ఫ్లైటెక్కి ఆవిడ రాజోలు చేరింది.

కారెక్కాక రఫీ అన్నాడు. "మేడమ్ మంచిదే మామా."

అవును, మంచిదే. సత్యవతి వైపు ఆ రెండు చేతులు చాపడానికి నాలుగేళ్ళు పట్టింది, అంతే.